సీఆర్‌పీ పెరిగింది, ఆల్బుమిన్ పడిపోయింది, ఇక గుడ్లు తినిపించాలా?

బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలిన మీ నాన్నగారికి మూడో రోజు సీఆర్‌పీ (ఒంట్లో వాపో, ఇన్‌ఫెక్షనో ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) 130 వచ్చిందనీ, ఆల్బుమిన్ (రక్తంలో మామూలుగా ఉండాల్సిన ప్రోటీన్) 2.7కి దిగిందనీ రాశారు. ఇన్‌ఫెక్షనా, తిండి సరిపోకనా, ప్రోటీన్ పౌడర్ మొదలుపెట్టాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాను, హైస్కూల్లో లెక్కలు చెప్పుకునేదాన్ని. కానీ మా తమ్ముడి కోసం ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో పందొమ్మిది రోజులు కూర్చున్నాను. ఆ అర్హతతో చెబుతున్నా.

వాడు రాత్రి పదింటికి తెనాలి నుంచి వస్తూ, రోడ్డుకి అడ్డంగా పడుకున్న గేదెను తప్పించబోయి పడ్డాడు. హెల్మెట్ ఉంది. తల మీద కాదు, పెట్రోల్ ట్యాంకు మీద. ఊరి బయట పోలీసులుంటారని తెచ్చుకోవడం, వాళ్లు కనబడకపోతే తీసి ముందు పెట్టుకోవడం! దీని గురించి మొదలుపెడితే మీ ప్రశ్న ఇక్కడే ఆగిపోతుంది గానీ, వదిలేస్తున్నా.

గుంటూరులో చేర్చాం, ఆసుపత్రి పేరు అనవసరం. చేర్చిన రాత్రి సీఆర్‌పీ 4, ఆల్బుమిన్ 4.1. స్పృహ లెక్క పదిహేనుకి ఏడే ఉందని వెంటిలేటర్ పెట్టారు. రెండో రోజు సాయంత్రం రిపోర్టు చేతికిచ్చారు. సీఆర్‌పీ 148. పక్కన నక్షత్రం గుర్తు, లావు అక్షరాలు. ఆల్బుమిన్ 2.8. మా వాళ్లకి కాళ్లూ చేతులూ ఆడలేదు. 2021లో కోవిడ్ పుణ్యమా అని సీఆర్‌పీ అంటే ఏంటో ఊళ్లో టీకొట్టు వాడికి కూడా తెలుసు కదా. "రక్తమంతా ఇన్‌ఫెక్షన్ పాకేసింది" అని ఒకరు తేల్చేశారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఫోన్ చేసి, స్టెరాయిడ్ ఇంజక్షన్ ఒకటి పడితే వాపు దిగుతుందని అడగమన్నాడు. తెల్లారేసరికి మా బాబాయి క్యారేజీ నిండా ముప్పై నాటుకోడి గుడ్లు ఉడకబెట్టించుకుని వచ్చాడు, ఆల్బుమిన్ అంటే గుడ్డులో తెల్లసొనే కదా అని. లోపల పిల్లాడికి ముక్కులో గొట్టం! సిస్టర్ క్యారేజీ వంక, బాబాయి వంక మార్చి మార్చి చూసింది. ఆ గుడ్లు కారిడార్లో అందరం తిన్నాం.

రౌండ్స్‌కి వచ్చిన చిన్న డాక్టరు మాత్రం నిలబడి చెప్పాడు. తలకి దెబ్బ తగిలితే గొడవ తలలోనే ఆగదట. అక్కణ్ణుంచి పుట్టిన సంకేతాలు రక్తంలో పడి కాలేయానికి చేరతాయి. పెళ్ళింట్లో బూరెల మూకుడు ఎక్కాక రోజువారీ చారు ఎవడు కాస్తాడు? కాలేయమూ అంతే, సీఆర్‌పీ పనిలో పడి ఆల్బుమిన్ తయారీ తగ్గిస్తుంది. దెబ్బ తగిలిన ఆరేడు గంటల నుంచి సీఆర్‌పీ ఎక్కడం మొదలై, రెండో రోజుకి శిఖరానికి చేరుతుంది. క్రిమి అన్నది లేకపోయినా సరే. ఇక ఆల్బుమిన్ రక్తంలో సగం ఖర్చవడానికే సుమారు ఇరవై రోజులు పడుతుంది. రెండు రోజులు ఇడ్లీ తినకపోతే 4.1 కాస్తా 2.8 ఎలా అవుతుంది? ఉన్నదే రక్తనాళాల్లోంచి బయటికి జారుతుంది, పైగా సెలైన్‌తో పలచబడుతుంది. కాబట్టి ఆ అంకె దెబ్బ తీవ్రత చెబుతుంది గానీ మీ వంటింటి సంగతి చెప్పదు. గొట్టంలో ఏం పొయ్యాలో, ఎంత పొయ్యాలో అక్కడి డైటీషియన్ చూసుకుంటారు. మీ పౌడర్ డబ్బా ఇంట్లోనే ఉంచండి.

మా మామయ్య ఊరుకోలేదు. "ఆల్బుమిన్ సీసాలు దొరుకుతాయటగా, ఎన్ని వేలైనా సరే ఎక్కించండి" అన్నాడు. డాక్టరు వద్దన్నాడు. ఎందుకన్నాడో తర్వాత చదివి తెలుసుకున్నా. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో తలదెబ్బ తగిలిన 460 మందికి కొందరికి ఆల్బుమిన్, కొందరికి సెలైన్ ఎక్కించి చూశారు. రెండేళ్లలో ఆల్బుమిన్ వైపు 33.2 శాతం మంది పోయారు, సెలైన్ వైపు 20.4 శాతం. 2007లో వచ్చింది ఆ లెక్క. వాళ్లు వాడింది పలచటి నాలుగు శాతం ద్రావణం, మామయ్య అడిగింది చిక్కటిది. అయినా నా మటుకు నాకు ఆ లెక్క చాలు. ఆర్‌ఎంపీ గారి స్టెరాయిడ్ కథా అంతే. పదివేల మంది మీద పరీక్షిస్తే వేసినవాళ్లలోనే చావులు ఎక్కువని 2004లో మధ్యలోనే ఆపేశారు.

మూడో రోజు జరిగింది మాత్రం ఎప్పటికీ మర్చిపోను. ఆసుపత్రి ల్యాబ్‌లో మిషన్ పనిచెయ్యక శాంపిల్ బయటికి పంపారు. సీఆర్‌పీ 15.2 అని వచ్చింది. నిన్న 148, ఇవాళ 15! బాబాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మా అమ్మ కింద వినాయకుడి దగ్గర కొబ్బరికాయ కొట్టించింది. హైదరాబాద్ నుంచి బయల్దేరిన చుట్టాలు నార్కట్‌పల్లి దగ్గర ఫోన్ అందుకుని వెనక్కి తిరిగారు. సాయంత్రం ఆ గుడ్ల సిస్టరే కాగితం చూసి, "అమ్మా, ఇది డెసిలీటర్ లెక్క, అంటే లీటర్లో పదో వంతుకి. లీటర్‌లోకి మారిస్తే 152" అంది. పదితో గుణించాలి. ఏడో తరగతి పిల్లలకి యూనిట్లు రాయకపోతే అర మార్కు కోసేదాన్ని నేనే! ఒకే ఊళ్లో రెండు ల్యాబులు రెండు కొలతల్లో రిపోర్టులిస్తే జనం ఏమైపోవాలి? ఇది అడిగే నాథుడే లేడు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతది. ఐదో రోజుకి 90కి దిగింది. అప్పటికి నేను పండితురాల్ని అయిపోయాను. కారిడార్లో పక్క పేషెంట్ల వాళ్లకి కూడా బూరెల మూకుడు కథ చెప్పేదాన్ని. ఎనిమిదో రోజు 176 వచ్చింది, జ్వరం కూడా. అమ్మ కంగారు పడితే, "తలదెబ్బకి అలాగే ఉంటుందమ్మా" అని కసిరాను. అది మాత్రం నిజంగానే ఇన్‌ఫెక్షన్. వెంటిలేటర్ వల్ల ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. డాక్టర్లు పొద్దున్నే ఎక్స్‌రే తీసి మందు మార్చారు కాబట్టి సరిపోయింది గానీ, నా మాట వినుంటే అంతే సంగతులు. మొదటిసారి ఊరికే ఏడ్చాం, రెండోసారి ఏడవాల్సిన చోట నేను పాఠం చెప్పాను. ఎక్కిన సీఆర్‌పీ దిగడం మొదలుపెట్టి మళ్లీ ఎక్కిందా, నాలుగైదు రోజులైనా దిగకుండా మొండికేసిందా, అప్పుడు అడగండి: ఊపిరితిత్తులు చూశారా, మూత్రం గొట్టం చూశారా అని. మూడో రోజు 130కి కాదు.

మావాడు పన్నెండో రోజు కళ్లు తెరిచాడు. అమ్మ రోజూ పావుగంట చెవి దగ్గర తిడుతూ కూర్చోవడం వల్లేనని నా నమ్మకం, డాక్టర్లు ఏమన్నా సరే. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నాడు. వాసన మాత్రం పోయింది. గ్యాస్ లీకైనా తెలియదు, ఇంగువ డబ్బా ముక్కు కింద పెట్టినా తెలియదు.

మీ రిపోర్టులో 130 పక్కన ఏ కొలత ఉందో, రెండో రోజు ఎంత వచ్చిందో చూసి కింద రాయండి.