"మా వాడిది హీరో ముఖం కాదు సార్"

ప్రశ్న: మాది తెనాలి. నేను ప్రభుత్వ ఉద్యోగిని. మా అబ్బాయి బీఎస్సీ పూర్తి చేశాడు, బీఈడీలో సీటు కూడా వచ్చింది. ఇప్పుడు చేరనంటున్నాడు. నటుడవుతాడట, అదీ క్యారెక్టర్ ఆర్టిస్టు. పీట్ పోసల్‌త్వేట్ అని ఇంగ్లండ్ నటుడొకాయన ఉన్నాడట, రోజూ ఆయన సినిమాలు ఫోన్‌లో పెట్టి మాకు చూపిస్తున్నాడు. హైదరాబాద్‌లో ఏడాది యాక్టింగ్ కోర్సుకు నాలుగున్నర లక్షలు అడుగుతున్నారు. లండన్‌లో ఏడాది మాస్టర్స్ అని ఇంకోమాట చెబుతున్నాడు. రెండింటిలో ఏది నయం? నిజం చెప్పాలంటే మా వాడిది హీరో ముఖం కాదు సార్. సన్నగా, దవడ ఎముకలు బయటికి వచ్చి ఉంటాడు. పేరులో ఒక అక్షరం మారిస్తే కలిసొస్తుందని కూడా ఎవరో చెప్పారు. కాలేజీ వార్షికోత్సవంలో ముసలి తాత వేషం వేశాడట, చూసినవాళ్లు ఏడ్చారట. ఆఫీసులో ఆడిట్ ఉండి నేను వెళ్లలేదు. వాడేమైపోతాడో అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఊళ్ల పేర్లు మారతాయి, కోర్సుల పేర్లు మారతాయి గానీ ఈ ఉత్తరం నాకు నెలకు రెండుసార్లయినా వస్తుంది. కోర్సు గురించి తర్వాత చెబుతాను. మీ దిగులంతా ఆ 'హీరో ముఖం కాదు' అన్న మాటలో ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

ఆ మాట మీరు అబ్బాయి ఎదుట అన్నారా? అని ఉంటారనే నా అనుమానం. ఎందుకంటే వాడు వెతికి వెతికి ఎవరిని తెచ్చి మీ ముందు పెట్టాడో చూడండి. ఇంగ్లండ్‌లో అందగాళ్లైన నటులకు కొదవ లేదు. వాళ్లందరినీ వదిలేసి దవడ ఎముకలు పొడుచుకొచ్చిన, బుగ్గలు లోపలికి పోయిన పోసల్‌త్వేట్‌ని పట్టుకున్నాడు. అంటే వాడు మీకు జవాబు చెబుతున్నాడు. మీరు ఆ సినిమాల్లో ఇంగ్లీషు అర్థం కాలేదని ఫోన్ పక్కన పెట్టేసి ఉంటారు. ఒకసారి ఆ ముఖం వంక తీరిగ్గా చూడండి.

పేరు సంగతి కూడా చెబుతాను. ఆయన ఇంటిపేరు ఇంగ్లీషువాళ్లకే నోరు తిరగదు. మధ్యలో ఒక 'ట' రాస్తారు, పలకరు. కొత్తలో పేరు మార్చుకోమని సలహా ఇచ్చారు, ఆయన ఒప్పుకోలేదు. చివరిదాకా ఆ పేరే పోస్టర్ల మీద పడింది. కాబట్టి అక్షరం కలపడానికి ఎవరికైనా డబ్బు ఇస్తానని మాట ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి.

ఇక ఆయన బతుకు. ఇది మీకు బాగా పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. 1946లో ఇంగ్లండ్ ఉత్తరభాగంలో వారింగ్టన్ అనే ఊళ్లో, ఒక మామూలు కార్మిక కుటుంబంలో పుట్టారు. కేథలిక్కులు. కుర్రతనంలో చర్చి ఫాదర్ అవుదామనుకున్నారు. ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్ చేశారు. అవును, మీ వాడు వద్దంటున్న చదువే. మాంచెస్టర్‌లో లోరెటో కాలేజీలో పిల్లలకు డ్రామా పాఠాలు చెప్పారు. 1970లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో నటన నేర్చుకోవడానికి చేరారు. మీ అబ్బాయి వయసు ఇరవై ఒకటో ఇరవై రెండో అయి ఉంటుంది. బీఈడీ పూర్తి చేసి మొదలుపెట్టినా ఆయనకంటే ఆలస్యమేమీ కాదు.

అక్కణ్నుంచి లివర్‌పూల్. అక్కడ ఎవ్రీమాన్ థియేటర్ అని ఒకటుంది. డెబ్బైల్లో అక్కడ పనిచేసిన కుర్రాళ్లెవరో తెలుసా? జోనథన్ ప్రైస్, బిల్ నై, జూలీ వాల్టర్స్. తర్వాత ప్రపంచమంతా తెలిసిన ముఖాలు. అప్పటికి వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. థియేటర్లో వేయడమే కాదు, ఆ బృందం వ్యాన్ వేసుకుని పబ్బులకు వెళ్లి కూడా నాటకాలు ఆడేది. తాగి మాట్లాడుకుంటున్న జనం గ్లాసు కింద పెట్టి మనవైపు తిరిగేలా చేయాలంటే గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి. అది నెలల తరబడి రోజూ వేస్తే వచ్చే విద్య.

సినిమాల్లో? 1977లో ఒక సినిమాలో సైనికాధికారికి గడ్డం గీసే మంగలిగా చిన్న వేషం. అప్పటికి ముప్పై ఒకటి. జనం పేరు గుర్తుపెట్టుకునే వేషం దొరికేసరికి 1988, అంటే నలభై రెండేళ్లు. ఆస్కార్ నామినేషన్ తెచ్చిన 'ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్' విడుదలైంది 1993లో. డ్రామా స్కూల్ గుమ్మం తొక్కినప్పటి నుంచి లెక్కేస్తే ఇరవై మూడేళ్లు. ఈ ఇరవై మూడు అనే అంకె మీరిద్దరూ కాగితం మీద రాసి ఇంట్లో గోడకు అంటించుకోవాలని నా కోరిక. ఏడాది కోర్సు చేయగానే ఫలితం రావాలని తండ్రి అనుకోకూడదు, కొడుకూ అనుకోకూడదు.

ఆ రెండు సినిమాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే క్యారెక్టర్ ఆర్టిస్టు అంటే ఏమిటో అక్కడ కనబడుతుంది. 1988లో వచ్చిన 'డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్'లో ఆయన లివర్‌పూల్‌లో ఒక కఠినమైన తండ్రి. క్రిస్మస్ ముందు రాత్రి పిల్లలు నిద్రపోతుంటే అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి మంచానికి కానుకల మేజోళ్లు తగిలిస్తాడు. దేవుడు చల్లగా చూడాలని మెల్లగా అంటాడు. ఆ క్షణం ఆ ముఖంలో ఎంత మెత్తదనమో! మర్నాడు పండగ భోజనానికి పిల్లలు బల్ల చుట్టూ బుద్ధిగా కూర్చుని ఉంటారు. ఈయన బల్ల మీద పరిచిన గుడ్డను పిడికిట్లో బిగించి ఒక్క లాగు లాగుతాడు. పళ్లేలు, అన్నీ నేల మీద. ఎత్తమని భార్య మీద అరుస్తాడు. రాత్రి మేజోళ్లు తగిలించినవి, ఇప్పుడు గుడ్డ లాగినవి అవే చేతులు. వాటిలో ఏది దొంగ ప్రేమో, ఏది అసలు కోపమో చూసేవాడు తేల్చుకోలేడు. రెండూ నిజమే.

ఐదేళ్ల తర్వాత ఇంకో తండ్రి. చేయని బాంబుదాడుల కేసులో కొడుకుతో పాటు జైలుపాలైన జుసెప్పే కాన్లన్ అనే నిజమైన మనిషి పాత్ర. జబ్బు మనిషి, గొంతెత్తి ఒక మాట అనడు, కొడుకు విసుక్కుంటే తలవంచుకుని ఊరుకుంటాడు. కొడుకుగా వేసింది డేనియల్ డే లూయిస్. ఇద్దరికీ వయసులో తేడా పదకొండేళ్లు! అయినా చూసేవాళ్లకు అనుమానం రాదు, తండ్రీకొడుకులే కనిపిస్తారు. మొదటి సినిమాలో భయపెట్టిన దవడ ఎముకలు ఇందులో జాలి పుట్టిస్తాయి. హీరో ముఖానికి ఈ వెసులుబాటు ఉండదు. దాన్ని చూసుకోవడానికే జనం వస్తారు, అందుకని అది పెద్దగా మారకూడదు.

ఆ తర్వాత ఆయనకు తీరిక లేదు. ఏ దేశపువాడో చెప్పలేని యాసతో ఒక లాయరు. గనులు మూతపడుతున్న ఊళ్లో బ్యాండు మేళాన్ని నడిపే మాస్టారు. చర్చి ఫాదర్ అవుదామనుకున్న మనిషికి 1996లో 'రోమియో అండ్ జూలియట్'లో ఫాదర్ వేషమే దొరికింది. స్పీల్‌బర్గ్ ఒకే ఏడాది, 1997లో, తన రెండు సినిమాల్లోకి తీసుకున్నారు. అరవై దాటాక 2008లో మళ్లీ అదే ఎవ్రీమాన్ థియేటర్‌కి వెళ్లి కింగ్ లియర్ వేశారు. 2011 జనవరి 2న, అరవై నాలుగేళ్లకు, క్యాన్సర్‌తో పోయారు. ఆయన నటించిన 'ఇన్‌సెప్షన్' అంతకు ముందు ఏడాదే వచ్చింది. అందులో మంచం పట్టిన ముసలి తండ్రి ఆయనే. మీ వాడు చూపించే ఉంటాడు.

ఇప్పుడు అబ్బాయి కూడా వినాల్సిన సంగతి. పోసల్‌త్వేట్ నడిచిన దారి ఇప్పుడు అలాగే లేదు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లకు సొంత నాటక బృందాలుండేవి. కుర్ర నటుడికి వారం వారం జీతం వచ్చేది. ఈ నెల సేవకుడు, వచ్చే నెల రాజు, మధ్యలో పిల్లల నాటకంలో ఇంకేదో. తిండికి లోటు లేకుండా నేర్చుకున్నారు. ఆ ఏర్పాటు అక్కడే చాలావరకు తగ్గిపోయింది. మన దగ్గర అలా జీతమిచ్చి నేర్పే చోటు వెతికితే గానీ దొరకదు.

ఆ ఖాళీలోకే మీరు రాసిన ఏడాది కోర్సులు వచ్చాయి. వీటి మీద నాకు అనుమానాలున్నాయి, దాచుకోను. అన్నీ మోసమని అనడం లేదు, బాగా చెప్పే మాస్టార్లు కొందరున్నారు. కానీ చాలాచోట్ల ఏం జరుగుతుంది? మూణ్నెల్లు డాన్సు, ఫైట్లు, కెమెరా ముందు నాలుగు సీన్లు, చివర్లో పోర్ట్‌ఫోలియో ఫొటోలు, షోరీల్. ఇదంతా హీరో అవ్వాలనుకునేవాడికి కుట్టిన చొక్కా. క్యారెక్టర్ ఆర్టిస్టుకు కావలసింది గొంతు, యాస, మనుషుల్ని గమనించే ఓపిక, వంద రాత్రుల స్టేజీ. ఏ కోర్సు వాళ్లనైనా ఒక్కటి అడగండి: ఏడాదిలో జనం ముందు ఎన్ని నాటకాలు వేయిస్తారు? జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే లేచి వచ్చేయండి.

కోర్సు తర్వాతి బాధ ఇంకోటి. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒక గది. హీరో ఫ్రెండ్ వేషం ఇప్పిస్తానన్న కోఆర్డినేటర్‌కి ఎనభై వేలు ఇచ్చాడు. ఆ డబ్బు వాళ్లమ్మ గాజులు. షూటింగ్ ఇదిగో అదిగో అని ఎనిమిది నెలలు తిప్పారు. ఆ అబ్బాయి నా ఎదుట కూర్చుని ఫోన్‌లో మెసేజ్‌లు ఒక్కొక్కటే చూపించాడు, 'రేపు కాల్ చేస్తా బ్రో' అని ఇరవయ్యో ముప్పయ్యో ఉన్నాయి. అవి చదువుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. వేషం కోసం ఎవరు డబ్బు అడిగినా ఇవ్వకండి. వేషం వేస్తే వాళ్లే మనకు ఇవ్వాలి.

లండన్ విషయం. చదువు మంచిదే కావచ్చు. కానీ స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ ఎంటర్‌టైనర్‌గా పని చేయకూడదని వీసా నిబంధనల్లోనే ఉంది. అంటే చదివే రోజుల్లో నటించి సంపాదించడం కుదరదు. ఇల్లు తాకట్టు పెట్టి పంపితే తిరిగొచ్చాక మీ వాడు ఏ భాషలో, ఎవరి యాసలో నటించాలి? తెనాలి తాతను లండన్‌లో నేర్పరు. ఇప్పుడైతే వద్దనే చెబుతాను.

మీరు అడిగిన పోలిక ఇంతే. ఆ రెండింటిలో ఏదీ నాకు నచ్చలేదు. నన్నడిగితే బీఈడీలో చేరమంటాను. 'వెనక ఒక ఉద్యోగం ఉండాలిగా' అని మీరు ఇంట్లో వాడే మాట కోసం చెప్పడం లేదు. తరగతి గదిలో అరవైమంది పిల్లల్ని నలభై నిమిషాలు కూర్చోబెట్టడం నటనకు మంచి సాధన. మన సినిమాల్లోనే చూడండి. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరర్. ఎం.ఎస్. నారాయణ గారూ లెక్చరరే. జయప్రకాశ్ రెడ్డి గారు లెక్కల మాస్టారు, సినిమాల్లో అంత పేరు వచ్చాక కూడా 'అలెగ్జాండర్' అని ఒంటరిగా స్టేజీ మీద నాటకం ఆడారు. వారింగ్టన్ మాస్టారికీ మన మాస్టార్లకీ చుట్టరికం ఉంది.

బీఈడీ చేస్తూనే పరిషత్తు నాటకాల బృందంలో చేరాలి. మీది తెనాలి, నాటకానికి పెట్టింది పేరు, ఆ సంగతి నేను మీకు చెప్పాలా? ముందు కర్టెన్ లాగుతాడు, ప్రాంప్టింగ్ ఇస్తాడు, తర్వాత వేషం వస్తుంది. రెండేళ్లయ్యాక కూడా ఇదే కోరిక ఉంటే అప్పుడు పెద్ద చదువు: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. అప్లికేషన్ల సంగతి వాడికి నాకంటే బాగా తెలుసు. ఆ నాలుగున్నర లక్షలు వాడి పేరున బ్యాంకులో వేయండి. రేపు వేషాలు లేని నెలల్లో గది అద్దెకు పనికొస్తాయి.

కానీ ఒక్క షరతు, ఇది మీకు. బీఈడీని వాడి కాళ్లకు గొలుసుగా వాడకండి. 'చేరావుగా, ఇక ఆ పిచ్చి మానెయ్' అన్నారంటే నేను రాసిందంతా వృథా. అలా అనే తండ్రులు నాకు తెలుసు. పిల్లవాడు మాట వింటాడు, టీచరవుతాడు, ఆ తర్వాత ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు.

నిద్ర పట్టడం లేదన్నారు. టెన్షన్ నాకు అర్థమవుతుంది, నేనూ తండ్రినే. మీ వాడు డబ్బు తీసుకుని పారిపోలేదు, అబద్ధం చెప్పలేదు. తనకు నచ్చిన మనిషిని తెచ్చి, ఇలా అవుతాను నాన్నా అని ఫోన్ మీ చేతిలో పెట్టాడు. ఇరవై మూడేళ్లు ఓపిక పట్టిన మనిషిని, నలభై దాటాక పేరొచ్చిన మనిషిని ఆదర్శంగా ఎంచుకున్న కుర్రాడు తొందరపాటు మనిషి కాడు. ఆ మాత్రం నమ్మకంతో మీరు ఈ రాత్రి పడుకోవచ్చు.

ఉత్తరం చివర్లో ఆడిట్ ఉండి వెళ్లలేదని రాశారు. అది మీరు అడిగిన ప్రశ్నలో భాగం కాదు, అయినా రాశారు. ఆ తాత డైలాగులు వాడికి ఇంకా గుర్తుండే ఉంటాయి. రేపు ఆదివారం భోజనాలయ్యాక టీవీ కట్టేసి, మీరూ ఆవిడా కూర్చుని, ఆ వేషం మాకూ ఒకసారి వేసి చూపించరా అని అడగండి.