టెక్స్ట్ గేమ్‌లో సానయంత్రం: మేనల్లుడికి ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీవు రాస్తున్న టెక్స్ట్ గేమ్‌ను సానయంత్రం ఉన్న గది వరకూ ఆడి చూశాను. గుహ, రాక్షసి, రాళ్ళసంచీ అన్నీ చక్కగా కుదిరాయి గాని, "కెంపును సానపట్టు" అని టైపు కొట్టగానే "కెంపు మెరిసింది, ధర రెట్టింపయింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఇన్నేళ్ళుగా కురుపాం మార్కెట్లో రాళ్ళు సానపడుతున్నవాణ్ణి కనుక చెబుతున్నాను: ఈ పనిలో చక్రం తిరిగే సమయం కంటే రాయిని చూసే సమయమే ఎక్కువ. బొమ్మలు లేని ఆటలో చూడటమంటే చదవడమే కాబట్టి, ఆ చూపును నీవు వాక్యాలుగా రాయగలిగితే ఈ గది ఆట మొత్తానికీ ప్రాణమవుతుంది.

ముందుగా చూపుకే మూడు ఆదేశాలు పెట్టు. "రాయిని చూడు" అంటే రంగు, ఆకారం, బరువు మాత్రమే చెప్పు. "దీపానికి పట్టి చూడు" అంటే రంగు ఎటువైపు చిక్కగా ఉందో, ఎటువైపు పలచబడిందో చెప్పు. "నీటిలో ముంచి చూడు" అన్నప్పుడే, గరుకు పైపొర మీది చెదురు వెలుగు తగ్గి, "ఒక మూల నుంచి నడుము దాకా వెంట్రుకంత బీట కనిపిస్తోంది" అని బయటపెట్టు. మూడూ అడగకుండా యంత్రం దగ్గరికి పరుగెత్తినవాడికి ఆ బీట సానలోనే విచ్చుకోవాలి. అది అన్యాయం అనిపించదు, ఎందుకంటే తెలుసుకునే దారి నీవు ముందే ఇచ్చావు.

ఆటగాడి చేతికి మొదట కెంపు ఇవ్వకు, గార్నెట్ ఇవ్వు. సింహాచలం కొండలోని ఖొండలైట్ రాతిలో గింజల్లా ఉండేదీ, భీమిలి ఇసుకమీద ఊదారంగు చారలు తీసేదీ అదే. ఆ గింజలు మా పనికి చాలవు గాని, పెద్ద గార్నెట్ నేర్చుకునేవాడికి మంచి రాయి. టోపజ్‌లా ఒక పొర వెంట చీలే గుణం దానికి లేదు. వైడూర్యాన్ని మాత్రం తరువాతి గదులకు దాచు. దానికి పలకలు, అంటే చదునైన ముఖాలు, కోస్తే పిల్లికన్నులా మెరిసే వెలుగు గీత పోతుంది. లోపలి సన్నని పోగులకు సమాంతరంగా అడుగు ఉంచి, పైన గుండ్రంగా గుమ్మటంలా తీయాలి. అప్పుడే ఆ గీత పోగులకు అడ్డంగా నిలుస్తుంది. మన ఏజెన్సీ రంగురాళ్ళ కథలు విన్న పిల్లలకు ఈ మెలిక చాలా నచ్చుతుంది.

ఇక యంత్రం. రాయిని లక్కతో కాడకు అతికించడం, కోణం పెట్టడం, రాయి ఎటు తిరగాలో నిర్ణయించే 96 పళ్ళ చక్రంపై గడి ఎంచుకోవడం, తిరిగే పళ్ళేనికి ఆనించడం, ఈ వరుస చాలు. కోణాన్ని ఆటగాడి చేతే టైపు కొట్టించు, అసలు విద్య అక్కడే ఉంది. స్ఫటికానికి కింది పలకలను మేము 42, 43 డిగ్రీల మధ్య పెడతాం. 38 పెడితే వెలుతురు పైకి తిరిగిరాక అడుగునుంచే జారిపోతుంది. అలాంటి రాయిని పైనుంచి చూస్తే కింద పెట్టిన కాగితం మీది అక్షరాలు కనిపిస్తాయి. "రాయి మధ్యలోంచి నీ అరచేతి గీతలు కనిపిస్తున్నాయి" అని ఆటలో రాసిపెట్టు, తప్పు ఏమిటో వాడే వెతుక్కుంటాడు. అయితే మామూలు గుండ్రని కోతకే 57 పలకలు ఉంటాయి. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా కొట్టించకు, ఒక పలక కుదిరాక "మిగిలినవీ ఇలాగే" అంటే సరిపోయేట్టు చూడు.

600 పళ్ళెం నుంచి 1200కు, అక్కడినుంచి 3000కు (అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నం) మారేటప్పుడు "చేతులూ కాడా కడుగు" అనే ఆదేశం తప్పక ఉండాలి. ముతక రేణువు ఒక్కటి మిగిలినా మెరుగు పెట్టే పళ్ళెం మీద గీత పడుతుంది. నేర్చుకునేవాళ్ళు తొందరలో మొదట వదిలేసే పని ఇదే.

సంచిలో మూడు కెంపులు ఉన్నప్పుడు "కెంపును సానపట్టు" అంటే ఆట "ఏ కెంపు?" అని అడగాలి. అరిగిన రాయి తిరిగి రాదు కనుక ఇక్కడ ఊహించి పని చేయకూడదు. "కెంపు సానపట్టు", "కెంపుని సానపట్టు" అన్నా అర్థం చేసుకోవాలి, మనం విభక్తులు ఒకేలా రాయం కదా. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన మడ్ (MUD) అనే పలువురు కలిసి ఆడే టెక్స్ట్ గేమ్ లాగా నీ ఆటలోనూ ఒకే గదిలో నలుగురు ఉంటారన్నావు. అలాగైతే పక్కవాళ్ళకు వేరే వాక్యం రాసిపెట్టు: వాళ్ళకు పళ్ళెం కీచుమనడం వినిపించాలి, నీళ్ళు చిందడం కనిపించాలి, లోపలి బీట మాత్రం రాయి పట్టుకున్నవాడికే తెలియాలి.

ధరను రెట్టింపు చేసే లెక్క తీసేయి. ముడిరాయి బరువులో సాధారణంగా సగానికి పైగా పొడైపోతుంది. కోసిన రాయిని క్యారెట్లలో, అంటే ఒక్కొక్కటి 200 మిల్లీగ్రాముల లెక్కన తూచి, కోణం, మెరుగు, బీట చూసి విలువ కట్టించు. బరువు కాపాడాలని కోణం తగ్గించినవాడికి పెద్ద రాయీ తక్కువ ధరా రావాలి. స్ఫటికం, గార్నెట్, కెంపులకు నేను వాడే కోణాలు వేరే కాగితంమీద రాసి జతచేశాను. గది తిరగరాశాక పంపు, మళ్ళీ ఆడి చూస్తాను.

మీ మావయ్య