లోపల మనిషి ఉండగానే తలుపు పీకారు

ప్రశ్న: మేడమ్ గారూ, ఎస్.పి. రోడ్డులో కొన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు ఉబుంటు 22.04 అనే ఆపరేటింగ్ సిస్టం వాడుతున్నాను. మొన్న వీడియోలు చూసే వీఎల్‌సీ ప్రోగ్రాం ఎక్కించబోతే, లాక్ దొరకలేదని, వేరే ప్రోగ్రాం దాన్ని పట్టుకుని ఉందని వచ్చింది. పీజీలో పక్క గది అన్నయ్య ఆ లాక్ ఫైలును చెరిపేయమన్నాడు. చెరిపి మళ్లీ మొదలుపెట్టాను. మధ్యలో బిగుసుకుపోతే బటన్ నొక్కి ఆపేశాను. ఇప్పుడు ఏది ఎక్కించినా చివర 'డీపీకేజీ ఎర్రర్ కోడ్ 1' అంటోంది. అందరూ ఫార్మాట్ చేయమంటున్నారు. ఫోటో జతచేశాను.
- ఇంజినీరింగ్ విద్యార్థి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఫార్మాట్ వద్దు బాబూ. ముందు మీ అన్నయ్య సలహా సంగతి చూద్దాం. మీ పీజీలో నలుగురికీ ఒకే స్నానాలగది ఉంటుంది కదా. లోపల ఎవరో గడియ వేసుకున్నారు. మీరు ఆగలేక తలుపు పీకేసి, కొత్త తలుపు బిగించి, దానికి మీ గడియ వేసుకున్నారు. లోపలి మనిషి మాత్రం అక్కడే ఉన్నాడు! లాక్ ఫైలు చెరిపితే జరిగేది అదే. మొదటి ప్రోగ్రాం పని ఆపదు, రెండోది కొత్త ఫైలు సృష్టించుకుంటుంది, రెండూ కలిసి ఎక్కించిన ప్రోగ్రాంల వివరాలుండే ఒకే పట్టికలో రాస్తాయి. ఆ లోపలి మనిషి బహుశా భద్రతా అప్‌డేట్లను తనంతట తానే వేసుకునే 'అనటెండెడ్ అప్‌గ్రేడ్స్'. పావుగంట ఆగి కాఫీ తాగి వస్తే సరిపోయేది.

అయితే ఇప్పటి జబ్బుకు అసలు కారణం అది కాదు. డీపీకేజీ అంటే ఉబుంటులో ప్రోగ్రాంలను ఎక్కించే పనివాడు. అది చెప్పే ఎర్రర్ కోడ్ 1 అంటే 'ఇంట్లో ఎవరికో బాగాలేదు' అన్నట్టే. ఎవరికో, ఏమయిందో పై వరుసల్లో ఉంటుంది. మీ ఫోటోలో ఆరో వరుస చూడండి: బూట్ విభాగంలో, అంటే యంత్రం లేవడానికి కావలసిన ఫైళ్లుండే డిస్కు భాగంలో, చోటు లేదు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేనట్టు చేసి, ఉబుంటు ఎక్కించినప్పుడు బూట్‌కు విడిగా చిన్న విభాగం ఏర్పడుతుంది. ఉబుంటుకు గుండెకాయలాంటి ప్రోగ్రాంను కెర్నల్ అంటారు. పాత కెర్నళ్లు పేరుకుని ఆ విభాగం నిండింది. కొత్త కెర్నల్ సగంలో ఆగింది. ఆ సగం పని పూర్తయ్యేదాకా మీరు వీఎల్‌సీ అడిగినా అదే ఏడుపు ఏడుస్తుంది.

కమాండ్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. 'డీఎఫ్ -హెచ్' చోటు చూపిస్తుంది. 'యూనేమ్ -ఆర్' ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ పేరు చెబుతుంది. ఆ పేరు కాగితం మీద రాసుకోండి. తర్వాత 'సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్'. అది తీసేస్తానని చూపే జాబితాలో మీరు రాసుకున్న పేరు లేకపోతేనే 'వై' నొక్కండి. కాగితం ఎందుకంటారా? కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో నేను పాత కెర్నళ్లను చేత్తో తుడుస్తూ, నడుస్తున్నదాన్నీ తుడిచేశాను. మర్నాడు ప్రాక్టికల్ పరీక్ష. ఆ యంత్రం లేవలేదు.

చోటు ఖాళీ అయ్యాక 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ', ఆపైన 'సుడో ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్'. అప్పటికీ మొండికేస్తే మళ్లీ ఫోటో పంపండి. ఈసారి కింది వరుస తెగిపోయినా ఫరవాలేదు, పై వరుసలు మాత్రం అన్నీ కనిపించాలి.