చేనేత దినోత్సవం రోజునే ప్రెస్‌మీట్ పెట్టకండి

ప్రశ్న: మాది పోచంపల్లి దగ్గర చిన్న చేనేత సంఘం. ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు హైదరాబాద్‌లో మూడు రోజుల ఎగ్జిబిషన్ మొదలుపెడదామనుకుంటున్నాం. ప్రచారానికి రెండు లక్షలు పక్కన పెట్టాం. ఒక పీఆర్ ఏజెన్సీ మొత్తం లక్షన్నర, జీఎస్టీ అదనం అంది. పేపర్లలో వార్తలు గ్యారంటీగా వస్తాయట. ఒప్పుకోమంటారా? పని ఎప్పుడు మొదలుపెట్టాలి?
– సంఘం కార్యదర్శి

జవాబు: ముందు లెక్క చూడండి. లక్షన్నర మీద 18 శాతం జీఎస్టీ అంటే ఇంకో 27 వేలు. మీకు మిగిలేది 23 వేలు, దాంతో ఫొటోలు తీయిస్తారా, వచ్చినవాళ్లకు టీ ఇప్పిస్తారా? ఇక గ్యారంటీ అంటారా, డబ్బు కట్టి చోటు కొంటే అది ప్రకటన. వార్త వేయాలా వద్దా అన్నది పత్రిక డెస్కులో కూర్చున్నవాళ్లు తేల్చుకునే సంగతి, దానికి బయటివాళ్లు హామీ ఇస్తున్నారంటే ఎలా ఇస్తున్నారో గట్టిగా అడగండి. విలేకరులకు 'కవర్లు', అంటే చేతిలో పెట్టే డబ్బు అని ఎవరైనా పద్దు రాస్తే అక్కడే కొట్టేయండి.

మీకు ఏజెన్సీ అక్కర్లేదు. పత్రికల్లో పనిచేసి బయటికొచ్చినవాళ్లలో ఒకరిని 50 వేలకు మాట్లాడుకోండి, ప్రెస్‌నోట్లు రాయడం, ఫోన్లు చేయడం వాళ్లు చూసుకుంటారు. ఫొటోలకు, చిన్న వీడియోలకు 40 వేలు, విలేకరుల్ని ఊరికి తీసుకెళ్లే వ్యాను, భోజనాలు, ప్రెస్‌మీట్ హాలుకు కలిపి 40, ఫేస్‌బుక్, ఇన్‌స్టా ప్రకటనలకు మరో 40. మిగిలిన 30 వేలు ముట్టుకోవద్దు.

ఫొటోలు మాత్రం మే నెలాఖరులోగా అయిపోవాలి. వానలు పడితే మగ్గం గుంటల్లో నీళ్లూరి పని ఆగుతుందని నాకంటే మీకే బాగా తెలుసు. కట్టిన చీరలు కాదు, చిటికి కట్టే (రంగు అంటకుండా నూలును అక్కడక్కడా బిగించి కట్టే) వేళ్లు, రంగులో ముంచి తీసిన నూలు, ఆసు పోస్తూ (మేకుల చుట్టూ నూలు చుడుతూ) వేల సార్లు తిరిగే ఆ చెయ్యి తీయించండి. ఫీచర్ పేజీలవాళ్లు ముందు అడిగేది అదే. ఆదివారం అనుబంధాలు చాలా ముందే సిద్ధమైపోతాయి కాబట్టి వాళ్లకు జూన్‌లోనే పంపాలి. ఊరి ప్రయాణం జులై మధ్యలో పెట్టుకోండి.

ప్రెస్‌మీట్ ఆగస్టు 3 లేదా 4న, ఉదయం 11కి. 7వ తేదీన వద్దే వద్దు. ఆ రోజు మంత్రుల సభలు, సన్మానాలు, అందరిదీ చేనేత వార్తే. ఒకసారి నేనూ అదే రోజు పెట్టించాను, 40 మందికి ఉప్మా చేయిస్తే వచ్చింది ఇద్దరు.

ఆ 30 వేలు ఎందుకంటారా? ఆగస్టులో హైదరాబాద్‌లో మొదటి రోజే కుంభవృష్టి కురిస్తే హాలు ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఆ రాత్రికి రాత్రే మిగతా రెండు రోజులకు ఆన్‌లైన్ ప్రకటనలు పెంచాలి, సంఘం మీటింగు పెట్టి డబ్బు అడిగే టైం ఉండదు.