థీమ్ అప్‌డేట్ కొడితే కోడంతా ఎగిరిపోయింది!

ప్రశ్న: అన్నా, మాది ఉదయగిరి. మా ఊరి చెక్క గరిటెలు, స్పూన్లు అమ్మడానికి వర్డ్‌ప్రెస్‌లో అమ్మకాలు నడిపే వూకామర్స్ పెట్టి సైట్ నడుపుతా ఉండా. 'యాడ్ టు కార్ట్' బదులు 'బుట్టలో వేసుకోండి' అని వచ్చేట్టు, కింద వాట్సాప్ బటన్ కనపడేట్టు నెట్‌లో దొరికిన కోడ్ ముక్కలు తెచ్చి థీమ్‌లో (సైట్ రూపురేఖలు చూసేది) ఫంక్షన్స్ డాట్ పీహెచ్‌పీ ఫైల్లో వేసుకున్నా. మొన్న థీమ్ అప్‌డేట్ నొక్కానో లేదో అన్నీ మాయం. కావలిలో మా బావ కూడా సైట్ పెడతా ఉండాడు, ఆయనకీ ఇవే కావాలంట. ఏం చేసేది?
– ఒక పాఠకుడు, ఉదయగిరి

జవాబు: తమ్ముడూ, అప్‌డేట్ అంటే పాత థీమ్ ఫైళ్లు తీసేసి కొత్తవి పెట్టడమే, అందులో నువ్వేం రాసుకున్నావో దానికి పట్టదు. అద్దింట్లో సొంత డబ్బుతో అల్మరా కట్టించుకున్నట్టయింది నీ పని.

చైల్డ్ థీమ్, అంటే అసలు థీమ్‌కి తోడుగా ఉండే పిల్ల థీమ్, పెట్టుకో అని చాలామంది చెప్తారు. తప్పేం కాదు, అప్‌డేట్ అసలు థీమ్‌నే మారుస్తుంది కాబట్టి పిల్ల థీమ్‌లో రాసింది అట్నే ఉంటుంది. కానీ రేపు థీమే మార్చావనుకో, మళ్లీ మొదటికే. బటన్ మీద ఏం రాయాలనేది నీ అంగడి సంగతి, థీమ్‌కి దాంతో ఏం పని? అందుకే నేనైతే కోడ్ స్నిప్పెట్స్ అనే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించుకునేది) వేసుకోమంటా. ఒక్కో ముక్క విడిగా డేటాబేస్‌లో ఉంటుంది, దేనికి దానికి ఆన్ ఆఫ్ స్విచ్, థీమ్ మారినా పోవు. రంగులు, సైజులు లాంటి సీఎస్ఎస్ మాత్రం ఇందులో కలపబాక, వాటికి వర్డ్‌ప్రెస్‌లోనే అడిషనల్ సీఎస్ఎస్ అనే చోటు ఉంది కదా.

ఇంక బటన్ మాట. వూకామర్స్‌లో వస్తువు పేజీకి ఒక ఫిల్టర్ (బటన్ మీది మాట మార్చే కోడ్ ముక్క), వస్తువులన్నీ వరసగా కనపడే పేజీకి ఇంకో ఫిల్టర్, రెండూ వేస్తేనే అన్నిచోట్లా 'బుట్టలో వేసుకోండి' వస్తుంది, ఒకటే వేసి పనిచెయ్యలా అని జుట్టు పీక్కునేవాళ్లు ఎక్కువ. నెట్‌లోంచి కాపీ కొట్టేటప్పుడు కొటేషన్ గుర్తులు చూసుకో, కొన్ని పేజీల్లో వంకర గుర్తులుంటాయి, అవి పడితే కోడ్ ఆగిపోద్ది. ఒకే పేరుతో రెండు ఫంక్షన్లున్నా ఫేటల్ ఎర్రరే, అంటే సైట్ ఆగిపోయే తప్పే, అందుకని ప్రతి ఫంక్షన్ పేరు ముందు మీ ఊరి పేరో అంగడి పేరో తగిలించు.

సైట్ పడిపోయినా కంగారొద్దు. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్సే అడ్మిన్ మెయిల్‌కి రికవరీ మోడ్ లింక్ (తప్పు సరిదిద్దుకోడానికి లోపలికి పోనిచ్చేది) పంపిస్తుంది, ఆ మెయిల్ ఐడీ నువ్వు రోజూ చూసేదేనా అని ఇప్పుడే చూసుకో. కోడ్ స్నిప్పెట్స్ ప్లగిన్‌కి కూడా సేఫ్ మోడ్ ఉంది, దాంతో ముక్కలన్నీ ఆపి లోపలికి పోవచ్చు.

మీ బావకైతే చాలా తేలిక. కావాల్సిన ముక్కలు టిక్ పెట్టి ఎక్స్‌పోర్ట్ కొడితే జేసన్ ఫైల్ వస్తుంది, అది పంపితే ఆయన ఇంపోర్ట్ చేసుకుని ఒక్కోటి ఆన్ చేసుకుంటాడు. వాట్సాప్ నంబర్ మార్చుకోమను, లేదంటే కావలి ఆర్డర్లన్నీ నీ ఫోన్‌కే!

పోయిన కోడ్ సంగతంటావా, హోస్టింగ్ వాళ్ల దగ్గర అప్‌డేట్‌కి ముందటి బ్యాకప్ ఉందేమో అడుగు. ఉంటే మొత్తం రీస్టోర్ కొట్టబాక, డేటాబేస్ కూడా వెనక్కిపోతే ఈ మధ్య వచ్చిన ఆర్డర్లు కూడా పోతాయి. పాత థీమ్ ఫోల్డర్ ఒక్కటి దించుకుని నీ ముక్కలు మాత్రం కాపీ చేసుకో.