రెండు దరఖాస్తులకీ సమాన మార్కులొస్తే గ్రాంటు ఎవరికి? – సమాధానం

విజయనగరంలో కంప్యూటర్ కోర్సుకా, పలాస జీడిపప్పు కార్మికులకి మెషీన్ శిక్షణకా, గ్రాంటు దేనికివ్వాలని అడిగారు కదండీ. మార్కులు కాసేపు పక్కన పెట్టి టైమ్‌టేబుల్ చూడండి. క్లాసు ఉదయం పది నుంచి నాలుగు దాకా అని రాస్తే, రోజుకూలీకి వెళ్లే ఆవిడ ఎలా వస్తుంది? ఆ కూలి ఎవరిస్తారు? బడ్జెట్లో బస్సు ఛార్జీలు కూడా లేకపోతే కుర్చీలు ఖాళీ అవడానికి ఎన్నాళ్లో పట్టదు.

ఇక "90 శాతం ప్లేస్‌మెంట్" అన్నచోట ఆగండి. చేరినవాళ్లలోనా, పూర్తి చేసినవాళ్లలోనా? వందమంది చేరి, నలభైమంది పూర్తి చేసి, 36 మందికి పని దొరికినా అది 90 శాతమే మరి! పాత బ్యాచ్ మొత్తం జాబితా తెప్పించుకుని, పేర్లు మీరే ఏరుకుని ఫోన్ చేయండి. మూడు నెలల తర్వాత కూడా ఆ పనిలోనే ఉన్నారా అని అడగండి. దరఖాస్తుకి జత చేసిన యజమానుల లేఖల్లో ఎంతమందిని, ఏ జీతానికి తీసుకుంటారో ఉండాలి. ఉత్త "సహకరిస్తాం" లేఖకి నేనైతే సున్నా వేస్తాను.

డబ్బు కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధిదైతే, శిక్షణ ఇచ్చే సంస్థకి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్, అంటే ఆ నిధులతో పని చేయడానికి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేసుకునే నమోదు, ఉందో లేదో ముందే తేల్చుకోండి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. ఇంకా డౌటుంటే రెండు చోట్లకీ చెప్పకుండా వెళ్లి చూసి రండి. పలాసకైతే రైల్లోనే వెళ్లిపోవచ్చు.