పోటు తగ్గాక కూడా రూట్ కెనాల్ ఎందుకు?

ప్రశ్న: కింది దవడ పన్ను పిప్పి పట్టి రాత్రిళ్లు నిద్ర లేకుండా సలిపింది. ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడాను. ఇప్పుడు చన్నీళ్లు తాగినా జివ్వుమనడం లేదు. చిగురు మీద మాత్రం చిన్న పొక్కు లేచింది, అదీ నొప్పి లేదు. అయినా రూట్ కెనాల్ తప్పదంటున్నారు. నిజమేనా డాక్టరు గారూ?

జవాబు: నిజమేనండీ. అంత సలిపిన పంటికి ఇప్పుడు చల్లదనం తెలియడం లేదంటే లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. నరాలూ రక్తనాళాలూ ఉండే మెత్తటి పల్ప్ చుట్టూ గట్టి గోడ ఉంటుంది. పిప్పి అక్కడిదాకా దిగి పల్ప్ వాచినప్పుడు ఆ వాపుకి చోటుండదు. మీరు పడ్డ పోటు అదే. పల్ప్ చచ్చాక పోటు ఆగుతుంది కానీ సూక్ష్మజీవులు వేరు కొస దాటి ఎముకలోకి దిగుతాయి. ఆ చీము బయటికి దారి చేసుకున్న చోటే మీ పొక్కు. దారి ఉంది కాబట్టే నొప్పి లేదు, అది మూసుకుంటే మళ్లీ వాపు వస్తుంది.

యాంటీబయాటిక్ రక్తంతోనే ప్రయాణిస్తుంది. చచ్చిన పల్ప్‌లో రక్తప్రసారం ఉండదు కాబట్టి మందు అక్కడికి చేరదు. అందుకే చచ్చిన పల్ప్ తీసేసి, వేరు లోపలి కాలువల్ని శుభ్రం చేసి నింపాలి. రూట్ కెనాల్ అంటే అదే. జ్వరం, ముఖం వాపు ఉంటే దానికి తోడుగా యాంటీబయాటిక్ ఇస్తారు. వాపు మెడకు దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పన్ను తీయించుకోవడం రెండో దారి. వేరు నిలువునా చీలిపోతే అదే సరైన దారి కూడా.

ప్రశ్న: కుర్చీలో అంతసేపు అసలేం చేస్తారు? మత్తిచ్చినా నొప్పి పుడుతుందంటారే?

జవాబు: వాచిన పల్ప్ ఉన్న కింది దవడ పళ్లకు మత్తు ఒక్కోసారి సరిగా ఎక్కదు, ఆ మాట నిజమే. ఓర్చుకోనక్కర్లేదు, చెయ్యెత్తితే ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పలచటి రబ్బరు తెర బిగిస్తారు. ఉమ్మి లోపలికి పోకుండా, చిన్న పరికరాలు గొంతులోకి జారకుండా అది కాపాడుతుంది. వెయ్యకపోతే అడిగి మరీ వేయించుకోండి.

పైనుంచి రంధ్రం చేసి, సన్నటి ఫైళ్లతో వేరు కాలువల్ని గీకి వెడల్పు చేస్తారు. పెదవికి కొక్కెం, ఫైలుకి క్లిప్పు తగిలించి మీటరుతో పొడవు కొలుస్తారు. కొసకు అర నుంచి ఒక మిల్లీమీటరు ఇవతల ఆగాలి. బాగా ముందే ఆగితే చెత్త మిగులుతుంది, దాటితే ఎముక రేగుతుంది. అయితే కాలువ గోడలన్నిటికీ ఫైలు తగలదు. అసలు శుభ్రం చేసేది సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. దాంతో పదేపదే కడుగుతారు. ఫైలు గీకిన పొడి గోడకు పూతలా అంటుకుంటే 17 శాతం ఈడీటీఏ అనే ఇంకో ద్రావణం కరిగిస్తుంది. చీము ఊరుతుంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టి ఒకటి రెండు వారాలు ఆగుతారు. ఆరాక గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థం, సందులు మూసే సీలర్‌తో నింపుతారు.

చికిత్స విఫలం కావడానికి ఒక పెద్ద కారణం దొరకని కాలువ. పై మొదటి దవడ పంటిలో నాలుగోది తరచూ కళ్లు గప్పుతుంది.

ప్రశ్న: దవడ పంటికి రూట్ కెనాల్ అయి నాలుగు నెలలైంది. నొప్పి లేదని క్యాప్ వాయిదా వేస్తున్నాను, పర్వాలేదా?

జవాబు: వద్దు. నరం తీసినందుకు పన్ను పెళుసైపోయిందనుకుంటారు చాలామంది. బలం తగ్గేది ముఖ్యంగా పిప్పికీ రంధ్రానికీ గోడలు పోయినందుకు. నమిలే ఒత్తిడికి నిలువునా చీలితే ఇక పీకడమే. పైన ఉన్నది తాత్కాలిక ఫిల్లింగే అయితే అది కొన్ని వారాల కోసం పెట్టింది. అరిగి ఉమ్మి లోపలికి దిగితే మళ్లీ మొదటి నుంచీ చేయాలి. ముందు ఎక్స్‌రే తీయించి, ఫిల్లింగ్ చూపించుకుని, ఆ తర్వాతే క్యాప్‌కు కొలతలివ్వండి. వేశాక ఆ పన్నే ముందు తగులుతున్నట్టుంటే సర్దుకుంటుందని ఊరుకోకుండా ఎత్తు తగ్గించమని అడగండి.